వరాహముద్ర మొదలు విత్తనపు సంచి వఱకు

జాతి చరిత్రమును శాసనములను బట్టియు, కావ్యములను బట్టియు వ్రాయుట వాడుక. ఆ శాసనము మీదనో, నాణెము మీదనో ఉన్న చిన్న బొమ్మను చూచి ‘ఇది వరాహము, ఇది సింహము’ అని యొక్క వాక్యముతో దాటిపోవుటయు వాడుకయే. మేమీ వ్యాసమున ఆ చిన్న బొమ్మను గూర్చియే ప్రస్తావింపదలచినాము. ఏలయనగా అక్షరము నేర్వని ప్రజకు ఆ బొమ్మయే శాసనము. మన దేశమున శతాబ్దుల తరబడి బహుజనులు చదువెఱుగని వారైయుండగా రాజాజ్ఞలును, వర్తకుల సరకులును, దేవళముల మాన్యములును వారి నడుమ నెట్లు చెల్లినవని ప్రశ్నించుకొన్నచో ప్రత్యుత్తరము చాలవఱకు ముద్రలో దొరకును. నేడు పట్టణములలో దీనిని ‘లోగో’ యని వ్యవహరించుచున్నారు. బ్యాంకికిని, బియ్యపు మిల్లుకును, వైద్యశాలకును, సినిమా సంస్థకును తగిన గుర్తు గీసియిచ్చుటయే వృత్తిగా జీవించువారున్నారు. పేరు క్రొత్తది, పని క్రొత్తది కాదు.

సంస్కృత వాఙ్మయమున ముద్రకున్న గౌరవము సామాన్యము కాదు. అశోకవనమున సీతాదేవి వానరునొక్కని చూచి వెంటనే నమ్మలేదు. నమ్మకపోవుట న్యాయమే, సన్న్యాసి వేషమున వచ్చినవాడే తన్ను మోసగించెను గదా! ఆమె సందేహమును తుదముట్టించినది రామనామాంకితమైన యుంగరము. విశాఖదత్తుడు ముద్రకు రెండవ ముఖమును చూపినాడు. ముద్రారాక్షసమున మంత్రి రాక్షసుని యుంగరము చాణక్యుని చేతబడినది. ఆ ముద్రతో నొక కూటలేఖ పుట్టినది. ఆ లేఖ మూలమున రాక్షసుడు తాను కొలిచిన రాకుమారుని విశ్వాసమును, తన పక్షమును పోగొట్టుకొన్నాడు. ఉంగరము నిజమైనదే, వ్రాత మాత్రము అబద్ధము. ఈ ప్రమాదమును కౌటిల్యుడు సంతలోనే పసిగట్టినాడు. అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుని ప్రకరణమున, ముద్రలేని సరకు తెచ్చిన వర్తకునికి సుంకము రెండింతలు దండుగ. దొంగముద్ర వేసి తెచ్చినవానికి ఎనిమిది రెట్లు. లేనిదానికిని, దొంగదానికిని నడుమ నుంచిన ఈ తారతమ్యమును పాఠకులు గమనింపగోరెదము. ముద్ర లేకుండుట సోమరితనమో, లోభమో కావచ్చును. దొంగముద్ర మాత్రము పదిమంది నమ్మకమును దొంగిలించుట.

ఇక మన రాజులు. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట మొదలైన తెలంగాణ స్థలములలో దొరకిన శాతవాహనుల నాణెములను చూచినవారికి ఏనుగు, మూడు వంపుల కొండ, నాలుగు వలయములను అడ్డగీతలతో కలిపిన ‘ఉజ్జయినీ చిహ్నము’ పరిచితములే. సీసపు ముక్కమీద, వ్రేలి గోరంత చోటున, దూరమునుండియు గుర్తింపదగిన యాకారము చెక్కుట యెంతటి పనియో నేటి చిత్రకారులే చెప్పవలెను. యజ్ఞశాతకర్ణి నాటి ఓడబొమ్మ నాణెములు కోరమండల తీరమున దొరకినవి. రెండు కంబముల యోడ! సముద్రవర్తకము చేయు ప్రజకు రాజు తన ముఖమును గాక వారి జీవనాధారమునే ముద్రగా నిచ్చినాడు. ఆ రాజు వెండినాణెములపై తన ముఖమును వేయించుకొనకపోలేదు; ఐనను జనుల జ్ఞాపకమున నిలిచినది ఓడయే.

తెలుగువారి లాంఛనములలో దీర్ఘాయువు వరాహమునకే దక్కినది. బాదామి చాళుక్యులు తమకు నారాయణుని యనుగ్రహముచే వరాహలాంఛనము లభించినదనియు, దాని దర్శనమాత్రముననే పరరాజులు వశులగుదురనియు తమ శాసనములలో చెప్పుకొనిరి. ఇందులోని కవిత్వమును తీసివేసినను ఒక సత్యము మిగులును: సైన్యము రాకముందే బొమ్మ వచ్చుచుండెను. క్రీ. శ. 624 ప్రాంతమున వేంగిలో వేఱుపడిన తూర్పుచాళుక్యులు ఆ వరాహమును తోడుతెచ్చుకొనిరి. వారి తామ్రశాసనపు రేకులను గ్రుచ్చిన వలయమునకు గుండ్రని ముద్ర యొకటి యుండును. పైని వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను అక్షరములు, క్రింద పద్మము. దీనిని చూచినపుడెల్ల మాకు ఆశ్చర్యము కలుగును. బొమ్మయు, బిరుదును, అలంకారమును ఒక చిన్న వలయములో ఒకదానినొకటి త్రోసికొనకుండ అమర్చుట, వంశములో ఎందఱు రాజులు మాఱినను ఆ యమరికను చెడగొట్టకుండుట సామాన్యమగు నిగ్రహము కాదు. శక్తివర్మ, రాజరాజుల బంగారు నాణెములు నడుమ వరాహముతో, చుట్టును అక్షరములతో బర్మాలోని అరకాను తీరమునను, సయామునను దొరకినవి. నన్నయ్యకు ఆశ్రయమిచ్చిన రాజు గుర్తు కావ్యముకంటె ముందే సముద్రము దాటినదన్నమాట.

కాకతీయుల విషయము ఇంకను చిత్రము. రాష్ట్రకూటులకు లోబడియున్న కాలమున వారికి గరుడధ్వజము. కల్యాణి చాళుక్యులకు లోబడినపుడు వరాహము. సామంతుడు ప్రభువు ముద్రను ధరించుట ఆచారము. కాని స్వతంత్రులైన పిమ్మటను కాకతీయులు వరాహమును విడువలేదు. దాసత్వమున వచ్చిన గుర్తును స్వాతంత్ర్యమునకు గుర్తుగా మార్చుకొనిరి. విజయనగరాధీశులు వరాహముతో చంద్రసూర్యులను, కత్తిని చేర్చి హంపి గోడలమీద చెక్కించిరి. వారి బంగారు నాణెములపై ఉమామహేశ్వరులు, బాలకృష్ణుడు, గండభేరుండము మొదలైన బొమ్మలే పెక్కింట కానవచ్చును. వరాహమూర్తి కలవి అరుదు. ఐనను ప్రజలు ఆ నాణెమును ‘వరహా’ యనియే పిలిచిరి. బొమ్మ తొలగిపోయినను పేరు నిలిచినది. సంస్థానములు పోయినవి, నాణెములు కరగినవి, కథలలో వరహాల మూటలు మాత్రము నేటికిని చెక్కుచెదరలేదు.

అక్షరమే బొమ్మయైన యుదాహరణమును ఆ రాజ్యమే మనకిచ్చినది. విజయనగర తామ్రశాసనములు నాగరిలిపిలో సంస్కృతమున నడచును. తుదను, కన్నడాక్షరములలో, పెద్దవిగా, ‘శ్రీవిరూపాక్ష’ యని చేవ్రాలుండును. రాజు తన పేరు వ్రాయడు. ఇలువేల్పు పేరు వ్రాయును. రాజులు మాఱుచుందురు, చేవ్రాలు మాఱదు. పై పంక్తులు చదువలేని గ్రామస్థుడును ఆ తుది పంక్తి యాకారమును గుర్తుపట్టగలడు. సంస్థ పేరును ఒకే యాకృతిగల వ్రాతలో నిలుపవలెనని నేటి లోగో చిత్రకారులు చెప్పునదియు ఇదియే.

పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణపు రేవునకు డచ్చివారు 1605-06లోను, ఇంగ్లీషువారు 1611లోను వచ్చి కోఠీలు పెట్టుకొనిరి. డచ్చి కంపెనీ తన పేరులోని మూడక్షరములను ఒకదానిపై నొకటి పెనవేసి యొక గుర్తు చేసికొన్నది. నడుమ వెడల్పైన కోణాక్షరము, దాని రెండు చేతులమీద రెండు గుండ్రని యక్షరములు; అంతే. ఆ గుర్తు ఫిరంగులమీద, నాణెములమీద, పింగాణిమీద, గుడ్డల బేళ్లమీద పడినది. లోతట్టున, నేటి ఖమ్మము జిల్లాలోని నాగులవంచ వఱకును ఆ కంపెనీ కోఠీ వ్యాపించినది. మన నేతగాడు నేసిన బట్ట, మన అద్దకపువాడు అద్దిన కలంకారి, ఆ మూడక్షరముల క్రింద దేశాంతరము పోయినది. బట్టను గూర్చి కొనువారు ‘మచిలీపట్టణపు బట్ట’ యనిరే గాని, నేసిన వాని గుర్తు దానిపై లేదు. ఈ లోటు తీరుటకు మూడువందల యేండ్లకు పైగా పట్టినది. భౌగోళిక సూచికల చట్టము 1999లో వచ్చి 2003లో అమలయినది. పోచంపల్లి ఇక్కత్తు ఆ చట్టము క్రింద నమోదైన తొలి వస్తువులలో నొకటి. ఒక గ్రామము పేరు ఆ గ్రామపు నేతవారి సొత్తని న్యాయము ఒప్పుకొన్నది.

రాజులను, కంపెనీలను విడిచి మన వాకిటికి వత్తము. ప్రతి గ్రామమునను, ఇంటింటికి వేఱువేఱు గుర్తులు కల్పించి, వానిని ఒకదానితో నొకటి కలియనీయక, యేండ్ల తరబడి జ్ఞాపకముంచుకొన్న నేర్పరులు రజకులు. నల్లజీడి గింజను పొడిచి, దాని రసముతో బట్ట మూలను చుక్కయో, గీతయో, అడ్డగీతయో పెట్టెదరు. ఆ మచ్చ ఎన్ని ఉదుకులకైనను పోదు. ఈ యింటికి రెండు చుక్కలు, ఆ యింటికి చుక్కమీద గీత, కరణముగారి యింటికి మూడు గీతలు. నూఱు ఇండ్ల మూటలు ఒక్క చెఱువుగట్టున కలిసినను సాయంకాలమునకు ఏ పంచె ఆ యింటికి చేరును. అక్షరములు వారికి నేర్పినవారు లేరు, నేర్వనిచ్చినవారును లేరు. చుక్కను, గీతను మాత్రము తీసికొని నూఱు వేఱువేఱు గుర్తులు కల్పించిన ఆ బుద్ధిని మన చరిత్రకారులు ఒక్క పంక్తిలోనైనను మెచ్చుకొనకపోవుట మాకు వింతగా తోచును. వరాహముద్ర చెక్కిన కమ్మరి పేరును మన కెవ్వరును చెప్పలేదు, అది వేఱు మాట.

పశువులకు కాల్చి వేయు అచ్చును ఈ తెగలోనిదే. దేవునికి విడిచిన కోడెకు అచ్చు వేసెదరు. ఆ గుర్తు చూచి దాని నెవ్వరును కొట్టరాదు, కట్టరాదు. ‘అచ్చోసిన ఆంబోతు’ అను తిట్టు అట్లు పుట్టినదే. ఇక చదువురాని మనుష్యుని గుర్తు నిశాని. అప్పు పత్రము క్రింద రైతు ఒక గీత గీయును. ‘ఫలానావాని నిశాని’ యని ప్రక్కన కరణము వ్రాయును. పైన నేమి వ్రాయబడినదో గీత గీసినవాడెఱుగడు. ముద్రారాక్షసములోని కథయే ఇక్కడ పేదవాని యింట నడచినది. తరువాత గీతకు బదులు బొటనవ్రేలు వచ్చినది. 1858లో బెంగాలునందు హెర్షెలు దొర యొక ఒప్పందముపై హస్తముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. వ్రేలి గీతలను దొంగిలించుట కష్టమేగాని, ఆ వ్రేలిని పట్టి కాగితముపై నొక్కించుట కష్టము కాదు. ‘వేలిముద్రగాడు’ అని చదువురానివానిని మనవారు వెక్కిరించుట కలదు. ఆ వెక్కిరింత యెవరికి చెందవలెనో పాఠకులే యోచింపవలెను.

హైదరాబాదు రాజ్యమున ముద్రకు చార్మినారు దొరకినది. అసఫ్‌జాహీల పసుపు జెండాపై తెల్లని వలయము కుల్చా రొట్టెయని, మొదటి నిజామునకొక ఫకీరు పెట్టిన రొట్టెల జ్ఞాపకమని కథ కలదు. అది రాజవంశపు ముచ్చట. 1591లో కట్టిన చార్మినారు మాత్రము ప్రజలందఱికి తెలిసిన వస్తువు. మహబూబ్ ఆలీఖాన్ కాలమున, 1903-04 ప్రాంతమున, అది నాణెముపైకి ఎక్కినది. వాకిటి నడుమ ఆయన పేరులోని మొదటి యక్షరము ‘మీమ్’. 1911లో ఉస్మాన్ ఆలీఖాన్ గద్దెనెక్కగా ఆ వాకిటిలో ‘మీమ్’ పోయి ‘ఐన్’ వచ్చినది. కట్టడము కట్టడముగానే యున్నది. లోపలి మనిషి మాఱినాడు! ఇంత తక్కువ మార్పుతో ఇంత పెద్ద మార్పును ప్రకటించిన ముద్ర మాకు మఱియొకటి కానరాలేదు. అదే కట్టడమును హైదరాబాదులోని వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీవారు సిగరెట్టు పెట్టెపై ముద్రించి దేశమంతట త్రిప్పిరి. ఊరిని చూడనివాడును ఊపిరితిత్తులలో చార్మినారు పేరు నింపుకొన్నాడు. గుర్తు మంచిదైనంతమాత్రమున సరకు మంచిది కాదని గృహిణులు ఈ యొక్క పెట్టెను చూపి పిల్లలకు చెప్పవచ్చును.

మా రుద్రూరు ప్రాంతమునకు వత్తము. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటివలన ఇచ్చట వరియు చెఱకును పెరిగినవి. 1937లో బోధనునందు నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. దానిచుట్టు ఏర్పడిన ఊరికి శక్కర్‌నగరమని పేరు వచ్చినది. రుద్రూరునందు చెఱకు, వరి పరిశోధనక్షేత్రము నేటికిని కలదు. ఆ 1937లోనే బ్రిటిషిండియాలో వ్యవసాయపు సరకుల శ్రేణీకరణకు, గుర్తు వేయుటకును చట్టము వచ్చినది. ‘అగ్‌మార్క్’ ముద్రకు మూలమదియే. కర్మాగారము 2015లో మూతపడినది. చక్కెర సంచిపై నుండిన పేరును బట్టియే దూరదేశపువారు మా జిల్లాను ఎఱిగియుండిరి. రైతు వండిన బెల్లపు దిమ్మకు అట్టి పేరు నాడును లేదు.

వర్తకపు గుర్తునకు చట్టరక్షణ ఇంగ్లండులో 1875లో కలిగి, 1876 జనవరి 1వ తేదీని ఒక మద్యపు కంపెనీ ఎఱ్ఱ త్రికోణము మొదటి సంఖ్యగా నమోదైనది. మన దేశమున 1940లో చట్టము వచ్చినది. 1958లోను, 1999లోను మార్పులు చెందినది. చట్టపు మాటలకంటె రెండు తీర్పులు మా కాసక్తికరములు. ‘అమృతధార’ యను మందునకును, ‘లక్ష్మణధార’ యను మందునకును వచ్చిన వివాదమున 1962లో సర్వోన్నత న్యాయస్థానము, పండితుడు రెండు పేరులను ప్రక్కప్రక్క నుంచుకొని పోల్చునట్లు పోల్చరాదనియు, సామాన్యబుద్ధియు, అసంపూర్ణమైన జ్ఞాపకమును గల కొనుగోలుదారు మోసపోవునా యని చూడవలెననియు చెప్పినది. సంస్కృతము వచ్చినవానికి అమృతమునకు లక్ష్మణునకు పోలికయే లేదు. అంగడిలో నిలిచిన గ్రామస్థునకు ‘ధార’ యే చెవిలో మిగులును. 2001లో మఱియొక మందుల కేసునందు ఆ న్యాయస్థానమే, మన దేశమున ఇంగ్లీషు రానివారు, చదువురానివారు అనేకులు కలరనియు, మందుల పేరుల విషయమున మఱింత జాగ్రత్త వలయుననియు తలచినది. రాజముద్ర కాలమున లెక్కకు రాని చదువురాని మనిషి ఇప్పుడు న్యాయమునకు కొలకఱ్ఱ యైనాడు.

ఐనను ఆ మనిషికి మోసము తప్పినదా? విత్తనముల కాలమున ఏ సంతకైనను పోయి చూడుడు. పేరుగల విత్తనపు సంచి రంగును, దానిపై పువ్వునో కంకినో, అక్షరముల వాలును అనుకరించి, ఒక్క యక్షరము మాత్రము మార్చి అమ్మువారు కలరు. చదివినవాడు అక్షరమును చూచును. చదువనివాడు రంగును చూచును. నకిలీ విత్తనము మొలవదు, మొలిచినను కాయదు. అది తెలియునప్పటికి అదను దాటిపోవును, అప్పు మిగులును. 1966 నాటి విత్తనముల చట్టమును అనుసరించి సంచికి కట్టు చీటీ రంగులు నిర్ణయించినారు: ప్రజనక విత్తనమునకు బంగారు పసుపు, మూలవిత్తనమునకు తెలుపు, ధ్రువీకరించిన విత్తనమునకు నీలము. ఈ మూడు రంగులను బడిలో పిల్లలకు నేర్పిన మంచిదని మా యుద్దేశము. ఇంటికి పోయి వారు తండ్రికి నేర్పెదరు. సంచిపై బొమ్మను ఎవ్వరైనను వేయగలరు. ఆ చీటీని అడిగి చూచుట కొనువాని చేతిలోని పని.

గుర్తులు గీయువారి కష్టమును కూడ కొంత చెప్పవలెను. నాగరిలిపికి పైన గీత యొకటి యుండి పదమంతటిని కట్టివేయును. తెలుగునకు ఆ గీత లేదు. పైన తలకట్టు, గుడి, కొమ్ము, క్రింద వత్తు. ‘స్త్రీ’ అను నొక్క యక్షరమే మూడంతస్తుల మేడ. ఇంగ్లీషు పేరును ఒక కమ్మీవలె అంగడి నుదుట తీర్చవచ్చును. తెలుగు పేరు ఎగసిపడును, దిగజాఱును. అందుచే సోమరియగు చిత్రకారుడు ‘ఇంగ్లీషులోనే బాగుండును’ అని యజమానిని ఒప్పించును. నేర్పుగలవాడు ఆ వత్తునే అలంకారముగా మార్చును, క్రింది వంపును పై వంపుతో జతపఱచును. బాపు చేతివ్రాత తెలుగువారి కొక ముఖమువలె గుర్తయినది అందువలననే. గోరంత చేసినను చెడక, గోడంత చేసినను బెదరక, ఒక్క నల్లరంగుతో వేసినను నిలువగలిగిన గుర్తే గుర్తని ఈ వృత్తివారి మతము. కుంచెతో గోడలు వ్రాసిన బోర్డు చిత్రకారులకు ఇది సహజముగా తెలియును. ఫ్లెక్సీ యంత్రము వచ్చి వారి కుంచెలను ఎండబెట్టినది.

గుర్తు నడుగువానికిని గీయువానికిని జరుగు బేరమునకు మనలో ప్రసిద్ధమైన యుదాహరణము జాతీయపతాకము. భట్లపెనుమఱ్ఱులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1916లోనే జెండాల నమూనాలతో నొక పుస్తకమును ప్రకటించిరి. 1921లో బెజవాడలో కాంగ్రెసు సంఘము కూడినపుడు గాంధీమహాత్ముడు, ఎఱుపు ఆకుపచ్చలపై రాట్నము గల నమూనా గీయుమని వారినడిగెను. రాట్నపు తలంపు జలంధరమునుండి లాలా హంసరాజుగారిది. వెంకయ్యగారు మూడు గంటలలో గీసియిచ్చిరనియు, ఐనను సభకు కొంచెము ఆలస్యమయ్యెననియు గాంధీగారే వ్రాసిరి. ఆ యాలస్యము మేలైనది. ఆలోచించుకొన్నంతట, ఇతర మతములవారికి చోటేదని తోచి తెలుపు చేర్చవలెనని గాంధీగారు కోరిరి. 1931లో రంగులు మాఱినవి. 1947 జులై 22వ తేదీని రాట్నమునకు బదులు చక్రము వచ్చినది. గీసినవానికి కూలి యెంత ముట్టినదో చరిత్రమున లేదు. 1963లో ఆయన పేదఱికముననే కన్నుమూసెను.

1951-52లో తొలి సాధారణ యెన్నికలు జరిగినపుడు దేశమున నూటికి పదునెనిమిదిమందియే అక్షరాస్యులు. అభ్యర్థికొక పెట్టె, పెట్టెపై నొక బొమ్మ. వయోజనులందఱికి ఓటిచ్చుట సాహసమని వెనుదీసినవారికి ఆ చిన్న బొమ్మలే సమాధానము చెప్పినవి.

2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడగా చిత్రకారులు ఏలె లక్ష్మణుగారు రాజచిహ్నమును రచించిరి. ఆకుపచ్చ, బంగారు వలయములు, ఓరుగల్లు కీర్తితోరణము, ఆ తోరణము లోపల చార్మినారు, పైన సింహముల స్తంభశీర్షము. రెండు రాజ్యముల జ్ఞాపకములను ఒకదానిలో నొకటి నిలుపుటలో నేర్పున్నది. అవి రాచరికపు గుర్తులనియు, ప్రజారాజ్యమున వానికి బదులు ఉద్యమమున అమరులైనవారి స్మృతి యుండవలెననియు 2024లో ప్రభుత్వము మార్పు తలపెట్టినది. తోరణమును, చార్మినారును తొలగింతురని విని ఓరుగల్లులోను, హైదరాబాదులోను ప్రజలు కలతచెందిరి. తోరణము కట్టించినది రాజేయైనను మోసిన రాళ్లు ప్రజలవని ఒకరు, ప్రాణములిచ్చినవారికి చోటులేని ముద్ర యెందుకని మఱియొకరు వాదించిరి. రెండు వాదములును మాకు త్రోసిపుచ్చదగినవిగా తోచలేదు. అంతకు కొలదినెలల ముందే వాహనముల సంఖ్యాఫలకములపై ‘టీఎస్’ పోయి ‘టీజీ’ వచ్చినది. ఉద్యమకాలమున జనులు తమంతతాము బండ్లపై వ్రాసికొన్న యక్షరములవి, గనుక ఆ మార్పునకు అంత కలత లేకపోయెను. చిహ్నపు మార్పు మాత్రము జూన్ 2వ తేదీ యుత్సవమునకు ప్రకటింపబడక, ఇంకను పదిమందితో నాలోచింపవలసియున్నదని వాయిదా పడెను.